హుస్సేనమ్మ కుట్టిన బరువు

నేనొక బొంతను. పరుపుకు పేద చుట్టాన్ని, దుప్పటికి పెద్దక్కను. కొట్లో పుట్టినదాన్ని కాదు. దూదేకుల హుస్సేనమ్మ ఒక ఎండాకాలమంతా పంచలో కాళ్ళు చాపుకొని కూర్చుని, పెద్ద సూదితో పొడిచి పొడిచి నన్ను కన్నది.

బొంతకు నాలుగు పాత చీరలు చాలు. హుస్సేనమ్మ అంతటితో ఆగలేదు. మొగుడు దస్తగిరి ఆ ఏడే పోయాడు. ఆయన లుంగీలు ఒక్కటీ పారేయడానికి చేతులు రాక అన్నీ నా పొట్టలో దాచింది. ఆయన ఏకిన పాత పరుపు దూది కూడా కూరింది. లోకమంతా పోయినవాళ్ళ గుడ్డలు పంచిపెట్టి మరిచిపోతుంది. ఈమె కుట్టి జ్ఞాపకం పెట్టుకుంది. తీరా నన్ను ఎత్తబోతే నడుం పట్టేసింది.

"ఇది బొంతా, సన్నికల్లా అత్తా?" అంది కోడలు రమీజాబీ.

"చలికాలం రానీవే. నువ్వే వచ్చి దూరతావు ఇందులోకి."

ఎవరూ దూరలేదు. కూతురితో అత్తారింటికి పంపితే, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందని అల్లుడు తిప్పి పంపాడు. కొడుకు మస్తాన్‌వలి ఆటోలో పుచ్చకాయల కింద మెత్తగా ఉంటుందని వేశాడు. పక్కింటి సుబ్బరత్తమ్మ అడిగి తీసుకుపోయి మాగేసిన మామిడికాయల మీద కప్పింది. ఆ వాసన నాకు బాగుండేది, కాయలు పండాక ఇంటికి తోలేసింది. చివరికి ఇంటిమూల పక్కల దొంతిలో అట్టడుగున పడ్డాను. పనికిరానిదాన్ని అడుగున వేసి, మిగతావన్నీ దాని మీదే నిలబెట్టడం మనుషుల పద్ధతి.

నా కథ అక్కడితో ముగియాల్సింది. జమీలా పుట్టబట్టి ముగియలేదు.

జమీలా రమీజాబీ కూతురు. మాట తక్కువ. ఎవరి కళ్ళలోకీ చూడదు. ఒంగోలులో పిల్లల డాక్టరమ్మ ఆటిజం అని చెప్పేదాకా ఊరు ఆ పిల్లకు తలా ఒక పేరు పెట్టింది: మొండిది, గాలి సోకింది, గారం ఎక్కువైంది. పొద్దు గూకుతుంటే ఆమె ఒంట్లోకి దిగులు పాకేది. కుక్కరు కూత, వీధిలైటు జుమ్మనడం, పై ఇంటివాళ్ళ టీవీ మనకు చప్పుళ్ళు. ఆమెకు దెబ్బలు. గుమ్మం నుంచి గోడకు, గోడ నుంచి గుమ్మానికి తిరిగేది. తిరిగి తిరిగి నుదురు గోడకేసి కొట్టుకునేది. తెల్లారి కోడి కూశాక ఎప్పుడో ఒరిగేది. తాయెత్తు కట్టారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పారు, దర్గాలో ఊదు పొగ పట్టించారు. పొగకు దగ్గు వచ్చింది గాని నిద్ర రాలేదు.

ఒక మధ్యాహ్నం దొంతి ఎక్కబోయి, అడుగున ఉన్న నా అంచు పట్టి లాగి, జమీలా దాన్నంతా మీద పడేసుకుంది. రమీజాబీ కెవ్వుమని వచ్చి దిండ్లూ దుప్పట్లూ లాగేసింది. చివరికి నేను మిగిలాను. నా కింద ఆ పిల్ల, తల బయటపెట్టి, పిడికిళ్ళు విప్పి, వెల్లకిలా పడుకొని ఉంది. ఏడవడం లేదు. నన్ను ఎత్తబోతే రెండు చేతులతో అంచు పట్టుకుంది.

"ఉండనీవే," అంది హుస్సేనమ్మ. "దానికి బాగుంది."

పుట్టి అన్నేళ్ళకు నా బరువు ఒకరికి పనికొచ్చింది. నా లోపలున్న లుంగీలన్నీ ఒక్కసారి వెచ్చబడ్డాయి.

డాక్టరమ్మ ఈ సంగతి విని నవ్వలేదు. కొందరు పిల్లలకు ఒంటిమీద బరువు ధైర్యాన్నిస్తుందనీ, కొందరికి అసలు పడదనీ చెప్పింది. మొహం కప్పవద్దు, వద్దనుకున్నప్పుడు తనంతట తాను తోసేసుకోగలగాలి, మీరు పక్కనే ఉండాలి అంది. ఇంకో మాట గట్టిగా చెప్పింది: "బొంత ఒక్కటే చాలదమ్మా. రోజూ ఒకే వరస ఉండాలి. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే పాపకు సగం భయం పోతుంది." అందుకని గోడమీద బొమ్మలు అంటించారు. స్నానం, అన్నం, దీపం తగ్గించడం, చివర నేను. నా బొమ్మ హుస్సేనమ్మ గీసింది.

"బొంత గీయమంటే బర్రెను గీశావేంది అత్తా!"

"దీని వాలకం అట్టాగే ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

చీకటి పడకముందే కుక్కరు దింపేసేవాళ్ళు. టీవీ తగ్గించమని పై ఇంటివాళ్ళను బతిమాలారు. జమీలా ఒక్కో బొమ్మ మీద చెయ్యి వేస్తూ వచ్చి, బర్రె బొమ్మ దగ్గర ఆగి, నా కిందికి చేరేది. అన్ని రోజులూ కాదు గాని చాలా రోజులు నిద్రపోయేది. నన్ను మాత్రం ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

అటువంటి పిల్ల, హుస్సేనమ్మకు చలిజ్వరం వచ్చిన రోజు, పట్టపగలు నన్ను ఈడ్చుకొచ్చి నాయనమ్మ మీద కప్పింది. మెడదాకా కప్పి, మొహం వదిలేసి, మంచం పట్టె పట్టుకొని కూర్చుంది. పొద్దువాలేలోగా నన్ను కుట్టినామె ఊపిరి నా కిందే ఆగింది.

శవం మీద ఉన్న పక్కబట్టలు స్నానం చేయించినామెకు చెందుతాయి. మా పల్లెలో మావాళ్ళ ఆచారం అది. ఏడుపుల సందడిలో ఎవరూ చూడలేదు. ఆ స్నానం చేయించిన ఖాసింబీ నన్ను భుజాన వేసుకొని వెనక సందులోని తన ఇంటికి తీసుకుపోయింది. ఆ పిల్ల చేసిన ఒక్క దయ ఆ పిల్లకే చేటయింది.

ఖాసింబీ మంచిది. ఒంటరిది. పోయినవాళ్ళను కడిగే చేతులని, బతికున్నవాళ్ళు ఆ చేతులను తాకడానికి జంకేవాళ్ళు. నా కింద ఆమె కూడా హాయిగా నిద్రపోయింది. నాకేం లోటు లేదు. పొద్దు గూకితే మాత్రం పక్కసందు నుంచి జమీలా ఏడుపు వినిపించేది. అది నాకు అడుగడుగునా తెలిసిన ఏడుపు. ఇప్పుడు గుమ్మం దగ్గర, ఇప్పుడు గోడ దగ్గర. నాలో చీరలున్నాయి, లుంగీలున్నాయి, ఒక మనిషి ఏకిన దూది ఉంది. నడిచిపోవడానికి ఒక్క కాలు లేదు. ఆ పిల్ల ఎంత బరువు అడుగుతుందో నాకు తెలుసు. ఆ బరువంతా ఇక్కడ, ఇంకొకరి మంచం మీద, ఊరికే పడి ఉండేది.

రమీజాబీ ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఇచ్చినదాన్ని వెనక్కి తెచ్చుకుంటే పోయినవాళ్ళకు సమాధిలో చలి పుడుతుందని మావాళ్ళ నమ్మకం. ఒక పక్క కూతురి నిద్ర, ఇంకో పక్క అత్త చలి. ఎన్నాళ్ళకో ఒక సాయంత్రం కొత్త దుప్పటి చంకన పెట్టుకొని వచ్చింది. వెనకాలే జమీలా, గడప బయట నిలబడి గోడ గీరుతోంది.

"రా అమ్మే. ఏంది, దుప్పట్లు అమ్ముతున్నావా?"

"నీకే పెద్దమ్మా. చలిగా ఉందిగా."

"చలి శివరాత్రికే శివుడితో పాటు పోయింది. అసలు సంగతి చెప్పు."

రమీజాబీ గడప బయటున్న కూతుర్ని చూపించింది. "రోజూ గోడకాడ నిలబడిద్ది. స్నానం బొమ్మ మీద చెయ్యి పెట్టిద్ది, పోస్తాను. అన్నం బొమ్మ మీద పెట్టిద్ది, తినిపిస్తాను. ఆ బర్రె బొమ్మ మీద చెయ్యి పెట్టి అక్కడే ఉండిపోయిద్ది పెద్దమ్మా. నేనేం చూపించను? కొత్తది కప్పితే ఇసిరికొట్టింది. దాని నుదురు చూడు."

ఖాసింబీ చూసింది. "మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"అడిగితే అత్తకి అక్కడ చలేసిద్దంట గదా."

ఖాసింబీ నన్ను మెల్లగా మడత పెట్టింది. "నిజమే. ఇచ్చింది పుచ్చుకోకూడదు. నువ్వు పుచ్చుకోమాక."

రమీజాబీ దుప్పటి చంకన సర్దుకొని వెనక్కి తిరగబోయింది.

"ఇప్పుడిది ఎవరిదే?"

"నీదే."

"నాదైతే నేను దానం చెయ్యకూడదా ఏంది? పుట్టి బుద్ధెరిగాక అందరికాడా పుచ్చుకోటమే గాని ఒకరికి ఇచ్చింది లేదు. పిలువు నీ కూతుర్ని. దానికిస్తా. నీకు కాదు."

పిలవనక్కర్లేకపోయింది. జమీలా లోపలికి వచ్చి నా మడతలో చెంప పెట్టింది. దండం పెట్టలేదు, ఖాసింబీ మొహమైనా చూడలేదు. నన్ను కావిలించుకొని గుమ్మం దాటించి, దుమ్ములో ఈడ్చుకుంటూ పోయింది.

"ఎత్తుకోవే తల్లీ, వీధి ఊడవమాక!" ఖాసింబీ వెనక నుంచి నవ్వుతూ అరిచింది. తర్వాత రమీజాబీతో అంది: "ఆ దుప్పటి అక్కడ పెట్టి పో. దానం దారి దానిదే, దుప్పటి దారి దానిదే."

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. జమీలా కాళ్ళు ఇప్పుడు నా అంచు దాటి బయటికి వస్తున్నాయి. నేనేదో రోగం కుదిర్చానని ఎవరన్నా అంటే నమ్మకండి. దిగులు ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు వస్తుంది. వచ్చిన రోజు తనే వచ్చి నన్ను తీసుకుంటుంది. రాని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో నేను ట్రంకుపెట్టె మీద మడతగా ఉండి, మంచం మీద ఆమె ఊపిరి వింటుంటాను. ఏ తల్లి అయినా, ఏ నాయనమ్మ అయినా కోరేది అదే. నేనూ అదే కోరాను.

ఆమె నిద్రపోతుంది. నాకే ఇంకా చేతకావడం లేదు.