కొత్తది పాతగా కనబడాలి

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురవాలో మానాలో తేల్చుకోలేనట్టు, పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ళ కప్పుల మీదికి వేలాడుతోంది. ప్లాన్లమ్మ లేస్తూనే ముందుగది కిటికీ మూసేసింది. జల్లు కొడితే ముందు తడిసేది ఆమె బల్లే. ఆ బల్ల మీదికి ఇవాళ కొత్త లాప్‌టాప్ వస్తోంది. పైదేశం నుంచి, అన్నయ్య కొని పంపినది.

ఇంకా కట్టని ఇళ్ళకు బొమ్మలు గీయడం ఆమె పని. మేస్త్రీలు, ఇంజనీర్లు కొలతలు పంపితే వాటిని కంప్యూటర్‌లో గోడలుగా లేపుతుంది. తలుపులు పెడుతుంది, మెట్లు వేస్తుంది. పొద్దుటి ఎండ ఏ గదిలో ఎంతమేర పడుతుందో కూడా చూపిస్తుంది. పునాది తవ్వకముందే ఇంటివాళ్ళు వచ్చి తమ ఇంట్లో తామే తిరిగి చూసుకుని, "వంటగది ఇరుకైందే" అని పోట్లాడుకుంటారు. అందుకే వీధిలో ఆమెను ప్లాన్లమ్మ అంటారు. అన్నయ్య ఒక్కడే పెన్సిలు అంటాడు. చిన్నప్పుడు సన్నగా ఉండి, దొరికిన గోడ మీదల్లా గీతలు గీసేది కనుక.

ఆమె పాత కంప్యూటర్ ఒక్క అంతస్తు ఇంటిని ఎలాగోలా లాక్కొచ్చేది. మేడ అనగానే ఆయాసపడేది.

"దానికి మెట్లెక్కే ఓపిక లేదే, పాపం," అనేవాడు భర్త. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. ఇంజను దగ్గు వింటే రోగం చెప్పగలడు. కంప్యూటర్ల దగ్గర మాత్రం ఆయనకు తెలిసిన వైద్యం ఆపి మళ్ళీ వేయడమే.

ఆ మధ్య ఒక ఇంజనీరుగారు వచ్చి ఆమె బల్ల పక్కన కూర్చున్నారు. "నాలుగంతస్తుల ఆసుపత్రమ్మా. ఆపరేషన్ గదులూ, లిఫ్టులూ, అన్నీ ఉంటాయి. మొత్తం పని నీకే ఇస్తాను. నీ మెషిన్ మోస్తుందా?"

"మోస్తుందండీ," అనేసింది.

మోయదని ఆమెకు తెలుసు. అందుకే ఇన్నేళ్ళూ ఇళ్ళ మీద ఇళ్ళు గీసి కూడబెట్టుకున్నదంతా బయటికి తీసింది. దుకాణానికి వెళ్ళి అడిగితే తను వేలు పెట్టి చూపించిన రకం ధర ఆ డబ్బంతటినీ మింగేసేలా ఉంది. అదే లాప్‌టాప్ అన్నయ్య ఉన్న దేశంలో మూడోవంతు తక్కువకు వస్తుంది. అన్నయ్య అక్కడొక పెద్ద హోటల్లో లిఫ్టులు బాగుచేస్తాడు.

"నా మాట విని ఇక్కడే కొను," అన్నాడు భర్త. "చెడిపోతే వాడి కౌంటర్ ముందు బైఠాయించవచ్చు. అక్కడ కొంటే ఎవరి ముందు కూర్చుంటాం, సముద్రం ముందా?"

"మా అన్నయ్య ఉండగా పరాయివాళ్ళ దగ్గర ఎందుకండీ?"

"మీ అన్నయ్య మంచోడే. లాప్‌టాప్ సంగతే చెబుతున్నా."

ఆమె మూతి ముడిచింది. ఆ రాత్రే అన్నయ్యకు డబ్బు వెళ్ళిపోయింది.

దాన్ని ఎలా తెప్పించాలన్నది అందరూ కలిసి మాట్లాడుకున్నదే. ఫోను మధ్యలో పెట్టుకుని ఆమె, భర్త, కూతురి దగ్గరే ఉంటున్న తల్లి, చుట్టూ చేరారు.

"డబ్బాతో సహా పంపితే కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారు," అన్నాడు అన్నయ్య. "పన్ను కట్టేశాక ఇక మిగిలేదేముంది? డబ్బా పారేస్తాను. కాస్త వాడినట్టు చేసి మా వెల్డరు చేతికిస్తాను. సెలవు మీద వస్తున్నాడు, వాడి సొంతదని చెప్పుకుంటాడు. కొత్తది పాతగా కనబడాలి, అంతే."

"అయితే మూల మీద ఓ గీత పెట్టు అన్నయ్యా. మరీ లోతుగా పెట్టకు."

"మీటల మీద కాస్త నూనె చెయ్యి రాయరా, నాయనా. జిడ్డుగా ఉంటే ఎవరూ ముట్టుకోరు," అంది తల్లి.

"బావా, మూత మీద ఏదో ఒక స్టిక్కరు అంటించి సగం పీకెయ్. పూర్తిగా పీకితే శుభ్రమైనవాడిదనుకుంటారు," అన్నాడు భర్త.

అందరూ పడీ పడీ నవ్వారు. దొంగతనం అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

"బిల్లు కూడా చింపేస్తా పెన్సిలూ. బ్యాగులో దొరికితే కొంప మునుగుతుంది."

"నేనడిగానా అన్నయ్యా!" అంది ఆమె. నిజమే. అయినవాళ్ళను బిల్లు అడగడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. అన్నం పెట్టినవాళ్ళను బియ్యం ఎంతకు కొన్నారని అడిగినట్టుంటుందనుకుంటారు.

లాప్‌టాప్ రావలసిన ఆ రోజు, మబ్బు అలాగే ఉండగా వెల్డరు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, తువ్వాలులో చుట్టిన లాప్‌టాప్‌ను పసిబిడ్డను అందించినట్టు అందించాడు. మంచినీళ్ళు తాగాడు. కస్టమ్స్ దగ్గర గుండె దడదడలాడిందని చెప్పి, బస్సుకు వేళైందని వెళ్ళిపోయాడు.

ఆమె తువ్వాలు విప్పింది. మూల మీద గీత ఉంది. మీటల్లో నాలుగైదు నునుపెక్కి మెరుస్తున్నాయి. మూత మీద స్టిక్కరు సగం చిరిగి, మిగతా సగం జిగురు నల్లగా మట్టి పట్టి ఉంది.

"అబ్బ! ఎంత బాగా పాత చేశాడండీ!"

భర్త వంగి, వేలితో జిగురు గీకి చూశాడు. "మీ అన్నయ్య లిఫ్టుల పని మానేసి నాటకాలవాళ్ళకు మేకప్ వేసుకోవచ్చే. ఈ మట్టి ఎక్కడ సంపాదించాడో!"

తల్లి కూడా చూసింది. నవ్వలేదు. వెల్డరు తాగిన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. మేడ ఇల్లొకటి గీసింది. పాతదానికంటే ఎంతో నయం. దానితో ధైర్యం వచ్చి ఆసుపత్రి మొదలుపెట్టింది. కింది అంతస్తు లేచింది. రెండోది లేస్తుంటే లోపలి ఫ్యాను ఈల వేయడం మొదలైంది. మూడో అంతస్తులో ఆపరేషన్ గదులకు దీపాలు పెట్టగానే లాప్‌టాప్ అడుగు అట్లపెనంలా కాలి, తెర నల్లబడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ నల్లబడింది. గీసిన గదులు గీసినట్టే పోయాయి. ఆమె తల పట్టుకుని కూర్చుంటే, తల్లి పక్కనే కుర్చీలో బట్టలు మడత పెడుతూ చూస్తూండేది.

ఫోను చేస్తే అన్నయ్య, "కొత్త మెషిన్ కదా పెన్సిలూ, కాస్త అలవాటు పడాలి," అన్నాడు. నిజమే కాబోలనుకుంది. ఇంజనీరుగారు ఫోను చేసినప్పుడల్లా ఇదిగో అదిగో అని గడువు జరుపుతూ వచ్చింది.

ఒక పొద్దున అది వెలగనే లేదు. సంచిలో వేసుకుని రిపేరు దుకాణానికి వెళ్ళింది. అద్దాల బల్ల వెనకున్న పెద్దమనిషి మరలు ఒక్కొక్కటే తీసి ఓ డబ్బా మూతలో వేసి, అడుగు రేకు ఎత్తాడు.

"ఇంట్లో పిల్లి ఉందామ్మా?"

"లేదండీ. ఎందుకు?"

ఆయన పట్టకారుతో ఫ్యాను రెక్కల మధ్య నుంచి ఏదో లాగాడు. తెల్లటి ఉండ. దూదిపింజలా మెత్తగా ఉంది. లాగినకొద్దీ వస్తూనే ఉంది. అంతా పిల్లి బొచ్చు.

"ఇది కొత్తదండీ," అంది ఆమె. "వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కస్టమ్స్ కోసమని మా అన్నయ్యే పాతగా చేసి పంపాడు."

ఆయన నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు. "పైన పాత చేయొచ్చమ్మా. లోపల ఎలా చేస్తారు? ఈ బ్యాటరీ చూడు, ఉబ్బింది. ఏళ్ళ తరబడి వాడితేనే ఇలా అవుతుంది. శుభ్రం చేసిస్తాను, ఉత్తరాలు రాసుకోడానికి పనికొస్తుంది. పెద్ద పనులు పెట్టకు."

బయటికి వచ్చి బస్టాపు బల్ల మీద కూర్చుంది. మొదట ఆమెకు తట్టింది వెల్డరే. దారిలో మార్చేసి ఉంటాడు. కొత్తది తనుంచుకుని ఎవరి పాతదో తెచ్చి ఇచ్చి ఉంటాడు. మంచినీళ్ళు తాగేటప్పుడు కళ్ళలోకి చూశాడా? చూడలేదేమో. వెంటనే అన్నయ్యకు వీడియో కాల్ చేసింది.

అన్నయ్య మంచం మీద ఉన్నాడు. అంతా విని, "వాడే!" అన్నాడు. "ఆ వెల్డరుగాడే మార్చేశాడు. చూడ్డానికి నోట్లో నాలుక లేనట్టుంటాడు. తిరిగి రానీ, చెబుతాను వాడి పని."

ఆమెకు ఒంట్లో బరువు దిగినట్టైంది. మోసం మోసమే, కానీ పరాయివాడిది. అన్నయ్యది కాదు. ఆ క్షణాన డబ్బు పోయిన బాధ కూడా అంతగా తోచలేదు.

"ఇంత చేస్తాడనుకోలేదు అన్నయ్యా. ఆ రోజు..."

ఫోను తెర మీదికి తెల్లటిదేదో దూకింది. తోక ఒకటి అన్నయ్య ముక్కు మీదుగా పోయింది. "ఛీ, దిగు!" అంటూ అన్నయ్య చెయ్యి విసిరాడు. ఫోను పక్కకు ఒరిగింది. అన్నయ్య మొహం పోయి మంచం పక్కనున్న బల్ల కనిపించింది. దాని మీద లాప్‌టాప్ ఒకటి తెరిచి ఉంది. ఆమె దుకాణంలో వేలు పెట్టి చూపించిన రకమే. అంచుకు అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడదీయలేదు. తెల్లపిల్లి వెళ్ళి ఆ మీటల మీద వెచ్చగా ముడుచుకుని పడుకుంది.

అన్నయ్య ఫోను సరిచేసుకున్నాడు.

"ఆ పిల్లి ఎన్నాళ్ళ నుంచి ఉంది అన్నయ్యా?"

"ఏ పిల్లి?"

బస్సు ఒకటి వచ్చి ఆగి, ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది.

"చూడు పెన్సిలూ," అన్నాడు చివరికి. "నాది కూడా మంచి మెషినే. ఖరీదు పెట్టి కొన్నదే. ఇంట్లో కూర్చుని బొమ్మలు గీసుకునేదానికి అంతకంటే ఎందుకు చెప్పు? నీ గీతలకు అది చాలుతుందనుకున్నా."

"చాలుతుందా లేదా అని నన్ను అడిగావా?"

"అమ్మను అడిగానుగా."

"వెల్డరు మార్చాడన్నావు?"

"ఏదో నోటికొచ్చింది."

ఇంటికి వచ్చేసరికి తల్లి వంటింట్లో కూర తరుగుతోంది. ఆమె సంచి గోడకు ఆనించి ఎదురుగా కూర్చుంది. అన్నయ్య అప్పుడే ఫోను చేసి ఉంటాడు. తల్లి తల ఎత్తలేదు.

"నీకు తెలుసా అమ్మా?"

కత్తి ఆగలేదు. "వాడు పరాయి చోట ఒక్కడే పడున్నాడే. ఏం సుఖపడ్డాడు? పని నుంచి వచ్చి కాసిన్ని సినిమాలు చూసుకుంటాడు. పాతది నీకిస్తే సర్దుకుంటావా అని అడిగాడు. సర్దుకుంటుందిలే, దానికేం తెలుస్తుందన్నాను."

"సినిమాలకా అమ్మా? నా ఆసుపత్రి పోతుంటే, సినిమాలకా?"

"నీకు మొగుడున్నాడు. వాడికెవరున్నారు?"

"రోజూ నా పక్కనే కూర్చున్నావు. అది ఆగిపోయిన ప్రతిసారీ చూశావు."

"చూశాను," అంది తల్లి. కత్తి కింద పెట్టి, "చెబితే మీ ఇద్దరికీ చెడుతుందని ఊరుకున్నాను," అంది. మళ్ళీ కత్తి తీసుకుంది. ముక్కలు చిన్నవీ పెద్దవీ పడుతున్నాయి.

ఆమె ముందుగదిలోకి వెళ్ళి ఇంజనీరుగారికి ఫోను చేసింది. ఇంకా కొంచెం గడువు కావాలని నోరు తెరిచే లోపే ఆయన అందుకున్నారు. "నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశానమ్మా. మోస్తుందని నువ్వన్న మాట మీద ఇన్నాళ్ళూ ఆగాను. ఇంకోసారి చూద్దాంలే." ఆ గొంతులో కోపం లేదు. ఇంకోసారి ఉండదని దానితోనే తెలిసింది.

భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉంది. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. పిల్లి సంగతి చెప్పింది, అమ్మ సంగతీ చెప్పింది. చెప్పి, తల దించుకుని ఎదురుచూసింది. నేను చెప్పలేదా అంటాడు. సముద్రం ముందు కూర్చో అంటాడు. అంటే బాగుండుననుకుంది. అప్పుడు ఎదురు తిరిగి అన్నయ్యను వెనకేసుకు రావచ్చు. ఇన్నేళ్ళూ చేసింది అదేగా.

ఆయన యూనిఫాం చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. చేతులు కడుక్కున్నాడు. వంటింట్లోకి వెళ్ళి మూడు కంచాలు, గిన్నెలు తెచ్చి బల్ల మీద సర్దాడు. అంతలో తల్లి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు కొంగు చేతికి చుట్టుకుంటోంది. ఆయన అత్తగారి కుర్చీ వెనక్కి లాగి, "రండి అత్తయ్యా," అన్నాడు.

కూతురు లేచింది. గిన్నె తీసుకుని అలవాటు చొప్పున మొదట తల్లి కంచంలోనే వడ్డించింది. తల్లి చాలని చెయ్యి అడ్డం పెట్టింది. కూతురు గరిటె వెనక్కి తీసుకుంది. ఎప్పుడూ ఇంకాస్త తినమని పోరు పెట్టేది. ఇవాళ పెట్టలేదు. తరువాత భర్తకు, తనకు వడ్డించి కూర్చుంది.

ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. కూరలో ఉప్పు లేదు. మొదటి ముద్దకే ముగ్గురికీ తెలిసింది. ఉప్పు గిన్నె తల్లి మోచేతి పక్కనే ఉంది. ఇటివ్వమని ఎవరూ అడగలేదు. కంచాలు ఖాళీ అయ్యేదాకా అలాగే తిన్నారు.