హౌజు ఉన్న ఇల్లు

పోలీసు చర్య జరిగి రెండు నెలలైంది. నిజాం రాజ్యం పోయింది గానీ, మౌలా అలీకి అద్దె ఇల్లు మాత్రం దొరకలేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కొలువు పదిలంగానే ఉంది. చిలకలగూడలో గడపగడపా తిరిగాడు. పేరు అడిగేదాకా ప్రతి ఇల్లూ ఖాళీయే. పేరు చెప్పగానే ఆ ఇంట్లోకి ఎవరో మేనల్లుడు దిగబోతుండేవాడు. సికింద్రాబాదులో ఇంతమంది మేనల్లుళ్ళున్నారని అతని భార్య నూర్‌బీకి అప్పుడే తెలిసింది.

ప్రేమమణి టీచరు మాత్రం పేరు విన్నాకే తాళంచెవి చేతిలో పెట్టింది. ఆమెది బందరు వైపు, మిషను బళ్ళో పాఠాలు చెబుతుంది. ఒకప్పుడు తెల్లదొర కట్టుకున్న బంగళాను ఆమె తండ్రి కొన్నాడు. అద్దెకిచ్చింది దాని పెరట్లోని ఒక పడగ్గది, చిన్న వంటిల్లు. వాటి ముందు మెట్లు దిగే పెద్ద నీళ్ళ తొట్టి. దొర అందులో ఈత కొట్టేవాడట. ఆ సంగతి నూర్‌బీకి ఎవరూ చెప్పలేదు. ఈత కోసం ఇంట్లో అంత గుంత తవ్వించుకునే మనిషి ఉంటాడని ఆమె మాత్రం ఎలా అనుకుంటుంది? మసీదులో ఉండే హౌజు లాంటిదే అనుకుంది. కట్టించిన పుణ్యాత్ముడెవరో అని అతనికో దువా చేసి, శనివారం మధ్యాహ్నం మెట్టు మీద కూర్చుని కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంది.

సరిగ్గా అప్పుడే చర్చి పెద్ద పేతురు గేటు తీశాడు.

"అయ్యో, ఏం జేసినవమ్మా! రేపు బాప్తిస్మాలున్నయ్. మూడు దినాలు బావిల నుంచి తోడి నింపినం!"

ప్రేమమణి వాళ్ళ సంఘంలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు, మనిషిని నిండా ముంచి లేపడం. నూర్‌బీకి అదంతా తెలియదు. వాళ్ళు ప్రార్థనకు నింపుకున్న నీళ్ళలో కాళ్ళు పెట్టానన్నది ఒక్కటే అర్థమైంది. దిగిన మర్నాడే ఇల్లు పోయిందనుకుంది. ఉన్న ఒక్క మందపు దుప్పటీ పరిచి, గిన్నెలూ బట్టలూ అందులో వేసి ముడి బిగించింది.

పేతురు వెంట ప్రేమమణి వచ్చింది. మూట చూసింది.

"ఎక్కడికమ్మా?"

"నీళ్ళు ఖరాబు జేసిన టీచరమ్మా. తెల్వక జేసిన. మీరు పొమ్మనకముందే పోతం."

"కాళ్ళెందుకు కడిగావు?"

"నమాజుకు."

ప్రేమమణి వెనక్కి తిరిగింది. "విన్నారా పేతురుగారూ? దేవుడి ముందు నిలబడ్డానికి కడుక్కుందట. రేపు మనవాళ్ళు దిగేదీ అందుకేగా? నీళ్ళు మార్చక్కర్లేదు." మళ్ళీ నూర్‌బీ వైపు చూసి, "పొద్దున ఆడవాళ్ళు వణుక్కుంటూ పైకొస్తారు. పొడి దుప్పట్లు కప్పడానికి నాకో మనిషి కావాలి. వస్తావా?" అంది.

నూర్‌బీ వస్తానన్నట్టు తల ఊపింది. మూట మాత్రం విప్పలేదు. భయం అంత తొందరగా పోయేదా?

ఆదివారం పొద్దున చలి గజగజలాడిస్తోంది. పాస్టరు దేవసహాయం నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఆరుగురికని ఆరు దుప్పట్లు తెచ్చారు. ఒక్కొక్కరూ మెట్లెక్కి రాగానే నూర్‌బీ కప్పింది. ఆరూ అయిపోయాక, ఎవరికీ చెప్పాపెట్టకుండా కాంతమణి అనే డెబ్బై ఏళ్ళ ముసలమ్మ నీళ్ళలో దిగి కూర్చుంది. మునిగి లేచేసరికి ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పేతురు దిక్కులు చూశాడు.

నూర్‌బీ గదిలోకి పరుగెత్తింది. ముడి వేళ్ళకు రాకపోతే పళ్ళతో లాగింది. గిన్నెలు గదంతా దొర్లాయి. దుప్పటి తెచ్చి ముసలమ్మను నిలువెల్లా చుట్టి దగ్గరికి తీసుకుంది.

"నీ కడుపు సల్లగుండ, బిడ్డా," అంది కాంతమణి. నూర్‌బీ కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఇన్నాళ్ళకు ఈ ఊళ్ళో తనను బిడ్డా అని పిలిచేవాళ్ళు దొరికారు.

బజారు నుంచి వచ్చిన మౌలా అలీ గది చూసి నిలబడిపోయాడు.

"ఏందే గిదంతా? పోతున్నమా, ఉంటున్నమా?"

"ఎట్ల పోతం?" అంది నూర్‌బీ, హౌజు పక్కన తీగ మీద ఆరుతున్నది చూపిస్తూ. "మూట కట్టెటందుకు దుప్పటే లేదు."