తెరవని సర్క్యులర్

పరీక్ష హాలు బయట విల్‌ఫ్రెడ్ మాస్టారు గంటన్నరగా నిలబడే ఉన్నాడు. పిల్లలు బయటికొచ్చారు. కెజయా మొహం చూడగానే ఆయనకి అనుమానం వచ్చింది.

"ఏమ్మా, గ్రీకు గుళ్ళ గురించి ఇచ్చారా?"

"గుళ్ళెక్కడివి సార్? సగం పేపరు ఇళ్ళ గురించే. ఆడవాళ్ళు ఏ గదిలో ఉండేవాళ్ళు, విందుకి ఎవరిని పిలిచేవాళ్ళు... రెండేళ్ళు మాతో స్తంభాలు లెక్కపెట్టించారు కదా మీరు!"

"నేనైతే మా అమ్మ వంటిల్లు రాసేసి వచ్చా," అంది పక్కనున్న మేబుల్. ఒకరిద్దరు నవ్వారు. కెజయా నవ్వలేదు. ఈ సబ్జెక్టులో 'ఏ' వస్తేనే ఆ పిల్లకి యూనివర్సిటీలో సీటు.

లాంకషైర్‌లోని ఆ చిన్న బడిలో ప్రాచీన గ్రీకు నాగరికత చెప్పేది ఆయనొక్కడే, ఇరవై ఆరేళ్ళుగా. పాఠాలు మారినప్పుడల్లా పరీక్షల బోర్డు సర్క్యులర్ పంపుతుంది. బడి ఆఫీసులో పనిచేసే ఆయన భార్య మ్యూరియల్ దాన్ని అచ్చుతీసి, మారినచోట గీత గీసి, ఆయన చేతిలో పెట్టేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడవి నేరుగా ఆయన మెయిల్‌కే వస్తున్నాయి. ఆయన తెరవడు. నాకు తెలియనిది వీళ్ళేం చెబుతారని ధీమా.

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది.

"బోర్డుకి ఇవాళే రాయండి మాస్టారూ. తప్పు మాదేనని ఒప్పుకుంటే మిగతా పేపర్ల మార్కులు చూసి పిల్లల్ని గట్టెక్కిస్తారట. కానీ వెంటనే రాయాలి."

"నేను తప్పు చేశానని రాయాలా?"

"ఇంకెవరు చేశారండీ?"

ఆయన ఉత్తరం రాశాడు. సర్క్యులర్ తనకి అందలేదని రాశాడు. రాస్తున్నంతసేపూ బోర్డు మీద కోపం కూడా తెచ్చుకున్నాడు.

ఆ మాటతో బోర్డు విచారణ మొదలుపెట్టింది. రెండేళ్ళ కిందటి సెప్టెంబరులోనే సర్క్యులర్ ఆయన మెయిల్‌కి చేరిందని తేలింది. తేలేసరికి ఆగస్టు వచ్చింది. ఫలితాలు వచ్చేశాయి. కెజయాకి 'సి' వచ్చింది. సీటు ఇంకెవరికో వెళ్ళింది.

ఆ సాయంత్రం కెజయా ఆయన ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ కాగితం నిజంగానే రాలేదా సార్?"

"వచ్చింది."

"చూళ్ళేదా?"

"చూళ్ళేదు."

"ఆ ముక్కే రాసుంటే సరిపోయేది కదా."

"పరువు పోతుందనుకున్నానమ్మా. నన్ను క్షమించు."

కెజయా కాసేపు ఆయన్నే చూసింది. "క్షమిద్దామనే వచ్చాను సార్. మా అమ్మకీ అదే చెప్పొచ్చాను. మిమ్మల్ని చూస్తే చేతకావడం లేదు."

ఆ పిల్ల సైకిలెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు ఆయన బోర్డుకి మరో ఉత్తరం రాశాడు, ఈసారి ఉన్నదున్నట్టు. ఉత్తరం అందిందని మాత్రమే జవాబు వచ్చింది.