బావ గాలి మిషను, అక్క దిండు

హలో, వినిపిస్తోందా అండీ? నేను రాసినా ఫోన్లో మాట్లాడినట్టే ఉంటుందని మా ఆవిడ అంటుంది. కాబట్టి మీరూ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నట్టే అనుకోండి. చదువు మధ్యలో ఆపేసినవాణ్ణి, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. నేను స్కూలు వ్యాను నడుపుతాను. పిల్లల్ని దింపేశాక, మళ్ళీ ఎక్కించుకునేదాకా ఉన్న ఖాళీలో ఇది రాస్తున్నా. సంగతి మా అక్కా బావలది. చెప్పొచ్చా అని అడిగాను. అక్క, "పేరు పెట్టకుండా రాసుకో" అంది. బావ, "నన్ను కొంచెం అందంగా రాయి" అన్నాడు. రెండోది నా చేతిలో లేదు.

మా బావ ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో ఆపరేటరు. తెల్లారకముందే డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, తిని ఒక కునుకు తీస్తాడు. మోటార్ల మధ్య బతికిన మనిషి కదా, గురక కూడా ఆ లెవెల్లోనే ఉండేది. మా అక్క ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కొన్నేళ్ళ కిందట ఒకరోజు ఆ గురక పడలేక దిండు చంకలో పెట్టుకుని హాల్లోకి వచ్చేసింది. అడిగినవాళ్ళకి "ఆర్డర్లు ఎక్కువున్నాయి, పొద్దుపోయేదాకా కుట్టాలి" అని చెప్పేది. ఆ దిండు మళ్ళీ గదిలోకి వెళ్ళలేదు.

ఈ మధ్య డాక్టరు, బావకి నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని తేల్చాడు. గాలి మిషను రాశాడు. చూడనివాళ్ళకి చెబుతా. చిన్న డబ్బా, దాంట్లో గాలి ఊదే మోటారు, పక్కన చిన్న నీళ్ళ తొట్టి. డబ్బాకి ఒక పొడవాటి గొట్టం, గొట్టం చివర ముక్కుకి పెట్టుకునే మాస్కు. నిద్రపోయినంతసేపూ గాలి తోస్తూనే ఉంటుంది. కునుకు తీసినా పెట్టుకోవాల్సిందే.

పెట్టిన రోజే గురక పోయింది. మా అక్క సంతోషిస్తుందనుకున్నా. వారం తిరక్కుండా ఫోను.

"ఒరేయ్, వ్యాను ఖాళీ అయ్యాక ఒకసారి రా. మీ బావ మిషను సంగతి తేల్చాలి."

"రిపేరొచ్చిందా?"

"మిషనుకో మనిషికో నువ్వే చూసి చెప్పు."

వెళ్ళేసరికి అక్క నీలం చొక్కాలకి కాలర్లు కుడుతోంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా తిట్టగలదు మా అక్క.

"గురక పోయిందా లేదా?" అంది.

"పోయింది."

"పోయినప్పుడు, వచ్చి పడుకోవే అని ఒక్క మాట అనాలా వద్దా?"

అప్పుడు అర్థమైంది నాకు. మిషను సంగతి కాదిది, దిండు సంగతి.

"నువ్వే వెళ్ళొచ్చుగా అక్కా. నీ ఇల్లు, నీ మంచం."

"నేనా? నా అంతట నేను వచ్చాను, నా అంతట నేనే వెళ్ళి పడుకుంటే నా విలువేముందిరా? పిలవాలి. అడిగితే ఏమంటారో తెలుసా, సౌండు వస్తోందిట. నాకు నిద్ర పట్టదుట. లారీ రివర్సు చేసినట్టు గురక పెట్టే మనిషి పక్కన అన్నేళ్ళు పడుకున్నదాన్ని, ఈ కూతకి ఝడుసుకుంటానా?" సూదులు తీసి డబ్బాలో వేసింది. గొంతు తగ్గించింది. "అసలు సంగతి అది కాదు. దానికో అమ్మాయి ఉంది."

"దేనికి?"

"మిషనుకి."

మిషను అమ్మిన షాపులో ఒక అమ్మాయి ఉందండి. కొత్తగా కొన్నవాళ్ళకి రోజూ ఫోను చేసి, ఎలా ఉంది, ఏం ఇబ్బంది అని కనుక్కోవడం ఆ అమ్మాయి ఉద్యోగం. మా అక్క ఆ పిల్లకి "గాలి పిల్ల" అని పేరు పెట్టేసింది. నవ్వబోయి ఆగాను. అక్క మొహంలో నవ్వు లేదు.

అంతలో గదిలోంచి బావ గొంతు. "ఆఁ, చెప్పమ్మా. తిన్నానమ్మా. ఈల ఇవాళ కాస్త తక్కువే. గుడగుడ మాత్రం అలాగే ఉంది. ఉండు, వినిపిస్తా."

తలుపు సందులోంచి చూస్తే బావ మాస్కు పెట్టుకుని, ఫోను ముక్కు దగ్గర పెట్టి, బుద్ధిగా ఊపిరి పీలుస్తున్నాడు.

"చూశావా," అంది అక్క. "నా మొగుడి ఊపిరి దాని చెవిలో ఊదుతున్నారు. నాతో ఎప్పుడైనా 'చెప్పమ్మా' అన్నారా? నేను పది మాటలంటే ఒక 'ఊఁ' రాలుతుంది. దానికి పుంఖానుపుంఖాలు."

"అది దాని ఉద్యోగం అక్కా."

"మట్టి బొమ్మయినా సవతి సవతేరా. ఇది మాట్లాడే బొమ్మ."

ఇంక లాభం లేదని, సౌండు ఆపేస్తే ఫోన్లు ఆగుతాయి, ఫోన్లు ఆగితే అక్క మంట ఆగుతుందని లెక్కేసుకుని గదిలోకి వెళ్ళాను.

"ఏరా బామ్మర్దీ," అన్నాడు బావ మాస్కు తీస్తూ. "పిల్లల్ని దింపావా, మీ అక్క నిన్ను గూఢచారిగా దింపిందా?"

"రెండూ బావా. పడుకో, నేను చూస్తా."

చిన్న గదండి అది. మంచం ఒక పక్క గోడకి ఆనుకుని ఉంది. బావ ఎప్పుడూ గోడ పక్కే. తల పైన గోడకి కొట్టిన చెక్క మీద మిషను పెట్టాడు. కరెంటు ప్లగ్గు అటు తలుపు వైపు ఉంటే అక్కణ్ణుంచి గది చుట్టూ తిప్పి ఒక వైరు లాగాడు. గొట్టం ఆ చెక్క మీంచి సరాసరి ముక్కు మీదకి వేలాడుతోంది. మంచం రెండో పక్క దుప్పటి ఇస్త్రీ చేసినట్టు ముడత లేకుండా ఉంది. ఇవన్నీ చూశాను. చూశానే గానీ బుర్రకెక్కలేదు.

చెవి పెట్టి వింటే మూడు సౌండ్లు తేలాయి. ఒకటి బుర్రుమని మోటారు రొద. రెండు ఈల. మూడు, గ్లాసు అడుగున నీళ్ళు స్ట్రాతో పీలిస్తే వచ్చే గుడగుడ.

రొద తేలిగ్గానే దొరికింది. వెనకాల గాలి లోపలికి పోయేచోట చిన్న స్పాంజి ఫిల్టరు ఉంటుంది. తీస్తే నీలం రంగు పీచు దట్టంగా పట్టి ఉంది. అక్క కుట్టే యూనిఫారాల నూగు. డబ్బాలో కొత్త ఫిల్టరుంటే అది వేశాను, రొద పోయింది.

అక్క ఆ పాత ఫిల్టరు చేతిలోకి తీసుకుని చూసి, "అయితే తప్పు నాదేనన్నమాట," అంది. "ఇది కూడా గాలి పిల్లకి చెప్పండి, మా ఆవిడ బట్టల పీచు వల్లే నాకీ బాధ అని."

"నేనేమన్నానే?" అన్నాడు బావ.

"మీరేమీ అనరు. అదే కదా నా బాధ."

ఈల దగ్గర నా తెలివి పనిచేయలేదండి. చెయ్యి పెట్టి చూస్తే ముక్కు పైన మాస్కు అంచులోంచి గాలి తప్పించుకుంటోంది. పట్టీలు బిగించాను. ఈల పెరిగింది, పైగా బావ బుగ్గల మీద ఎర్రగా గీతలు. వదులు చేశాను. ఈల మారింది గానీ పోలేదు. గుడగుడ ఏంటంటే గొట్టంలో నీళ్ళు చేరాయి. దులిపి ఆరబెట్టాను. మర్నాటికి మళ్ళీ గుడగుడ. మర్నాడు వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. నా వ్యాను అయితే ఈపాటికి సైలెన్సరు మార్చేసేవాణ్ణి.

అక్క మాత్రం రోజుకో కొత్త సంగతి చెప్పేది. బావ కొత్త చొక్కా వేసుకున్నాడుట. నేను బావని అడిగితే, డ్యూటీలో గ్రీజు అంటి పాతది పాడైందని. ఫోనొస్తే గొంతు సవరించుకుంటున్నాడుట. నేను అడిగితే, మాస్కు పెట్టుకుంటే గొంతు ఆరిపోతుందని. పచ్చకామెర్ల కళ్ళకి లోకమంతా పచ్చన అంటారు, మా అక్కకి బావ ఏం చేసినా పచ్చగానే కనిపించింది ఆ రోజుల్లో. కత్తిరించిన చొక్కా చేతులు తీసుకెళ్ళి ప్యాంటుకి కుట్టబోయింది ఒకసారి. నవ్వితే కత్తెర చూపించింది.

ఇంక ఆ రోజు. బావ డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి వెళ్ళాడు. ఫోను మోగింది. అక్క చూసింది, నన్ను చూసింది, తీసి స్పీకరు పెట్టింది.

"నమస్తే సర్, నిన్న నిద్ర ఎలా పట్టింది?"

"సార్ స్నానంలో ఉన్నారు. నేను వాళ్ళావిణ్ణి." ఆ చివరి మాట మీద అంత బరువు నేనెప్పుడూ వినలేదు.

"అయ్యో, నమస్తే మేడం. మీతో మాట్లాడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా. మీరైతే సరిగ్గా చెప్పగలరు. మీరు పక్కనే పడుకుంటారు కదా, మీకు ఈల ఎక్కువ వినిపిస్తోందా, గుడగుడ ఎక్కువ వినిపిస్తోందా?"

అక్క హాల్లో మూల చుట్టి పెట్టిన తన పరుపు వైపు చూసింది.

"సార్ చెప్పారు మేడం, మా ఆవిడ ఇటు పక్కే పడుకుంటుంది, పాపం తనకి ఇబ్బంది అని."

"ఈల," అంది అక్క మెల్లగా. "ఈలే ఎక్కువ."

"అదే నాకూ అర్థం కావట్లేదు. మిషను మంచం పక్కన స్టూలు మీదే ఉంది కదా, తల కన్నా కిందకి?"

"స్టూలా? లేదమ్మా. తల పైన చెక్క మీద ఉంది."

"పైన పెట్టకూడదు మేడం. గొట్టంలో పట్టిన చెమ్మ కిందకి జారి మాస్కులోకి వస్తుంది, గుడగుడ దానివల్లే. గొట్టం బరువుకి మాస్కు లాక్కుపోయి పక్కకి జరుగుతుంది, ఈల దానివల్ల. నేను మొదటి రోజే చెప్పాను. స్టూలు మీద పెట్టాను అన్నారు సార్."

అక్క ఫోను పెట్టేసింది. మొహం చూస్తే, కుట్టు మిషను సూది వేలికి దిగినప్పుడు ఉంటుందే, అలా ఉంది.

"విన్నావా," అంది. "మొదటి రోజే చెప్పిందిట. అంటే సౌండు ఎలా పోతుందో తెలుసు ఈయనకి. తెలిసీ పోనివ్వలేదు. పోతే అది ఫోను చెయ్యదుగా." పళ్ళు బిగించింది. "ఇంకోటి విను. నేను పక్కన పడుకుంటానని దానికి చెప్పారు. దానికి చెప్పిన మాట నాకెందుకు చెప్పలేదురా?"

బావ తల తుడుచుకుంటూ వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూసి తువ్వాలు ఆపాడు.

"మీ గాలి పిల్ల ఫోను చేసింది," అంది అక్క. "స్టూలు ఏదండీ?"

బావ తువ్వాలు అంచు చూస్తూ నిలబడ్డాడు.

"మోటారు సౌండు విని ఏ బోల్టు వదులైందో చెప్పే మనిషివి కదా బావా," అన్నాను నేను, ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి. "పైన పెడితే నీళ్ళు కిందకి రావని ఎలా అనుకున్నావు?"

"తెలుసురా," అన్నాడు. "స్టూలు ఎక్కడ వెయ్యను? ఇటు గోడ. అటు తలుపు వైపు వేస్తే గొట్టం మంచానికి అడ్డంగా పడుతుంది, ఆ దిండు చోటు మీంచి. ఇంకెలా పడుకుంటుంది?"

"ఎవరు?" అంది అక్క.

బావ ఆమెని చూడలేదు. తువ్వాలు మడతపెడుతున్నాడు, మడతపెట్టాల్సిన అవసరం లేకపోయినా. "మొదటి రోజు ఆ అమ్మాయి, అటు పక్క ఖాళీయేనా సర్, మీరే అటు జరగొచ్చుగా అంది. ఖాళీ అని ఎలా చెప్పను? మా ఆవిడ పడుకుంటుంది అన్నాను. ఆ అమ్మాయి ఊరికే అడుగుతోందని, పెట్టేశాను స్టూలు మీద అనేశా. ఎలాగైనా సౌండు పోగొట్టాక పిలుద్దామనుకున్నా. దిండు తీసుకుని వెళ్ళిన రోజు నువ్వు వెనక్కి చూడలేదు. వచ్చాక ఈ ఈలకి మళ్ళీ లేచి వెళ్ళిపోతే, ఇంకోసారి పిలిచే మొహం నాకు ఉండదు."

అక్క కుట్టు మిషను పెడలు మీద ఊరికే కాలు పెట్టింది, దారం లేని సూది రెండు కుట్లు కొట్టి ఆగింది.

ఆ తర్వాత లేచింది. మూల పరుపు మీంచి దిండు తీసింది. చంకలో పెట్టుకుంది. దారిలో తను కూర్చుని కుట్టే స్టూలు కూడా ఎత్తుకుంది. గదిలోకెళ్ళి స్టూలు తలుపు వైపు, మంచం పక్కన కింద పెట్టి, "ఒరేయ్, ఆ డబ్బా దింపి దీని మీద పెట్టు, ప్లగ్గు ఇక్కడే ఉంది," అంది. నేను దింపాను. గొట్టం వదులుగా, హాయిగా మంచం మీద వాలింది.

"ఇటు మీరు పడుకోండి," అంది బావతో. "గోడ పక్క నాది. జరగండి."

"ఆ పక్క నీకు ఉక్కపోస్తుందే," అన్నాడు బావ.

"గాలి మిషను ఉందిగా ఇంట్లో."

నేను వచ్చేశానండి. బామ్మర్ది ఎంత దగ్గరివాడైనా కొన్ని రిపేర్లు దగ్గరుండి చూడకూడదు.

రెండు రోజులాగి వెళ్తే బావ కునుకులో ఉన్నాడు. ఈల లేదు, గుడగుడ లేదు. మెత్తగా, దూరంగా ఫ్యాను తిరుగుతున్నట్టు అంతే. అక్క ఒక పాత డబ్బా మీద కూర్చుని కాలర్లు కుడుతోంది, గది తలుపుకి తడిపిన తెర కట్టింది పీచు పోకుండా. బావ ఫోను ఆమె కుట్టు మిషను మీదే ఉంది. మోగింది. తీసింది.

"ఆఁ, చెప్పమ్మా. బాగా పడుకున్నారమ్మా. లేదు, ఏ సౌండూ లేదు." చేతిలో కత్తెర పక్కన పెట్టింది. "నువ్వు మంచిదానివే గానీ, ఇంక రోజూ చెయ్యక్కర్లేదులే. పక్కనే ఉంటాగా, నేను వింటా."

పెట్టేసి నన్ను చూసింది. "ఏంట్రా ఆ నవ్వు?"

"ఏం లేదక్కా. ఆ 'చెప్పమ్మా' ఎక్కడో విన్నట్టుంది."

కత్తెర ఎత్తింది, నేను వ్యాను ఎక్కాను.

ఇదండీ. మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఎవరైనా ఈ మిషను తల పైన పెట్టుకుని ఈలలు వింటుంటే, వాళ్ళకి ఇది పంపండి. హాల్లో దిండు వేసుకున్నవాళ్ళు ఎవరైనా మీకు తెలిస్తే, ముందు వాళ్ళకి పంపండి. పిల్లలు బడి బయటికి వస్తున్నారు, ఉంటాను మరి.