పళ్ళ పక్కన పూలకొట్టు

పూలావిడ చెయ్యి మంచిది కాదని మొదట అన్నదెవరో గాని, ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మింది మాత్రం పూలావిడే. పొద్దున్నే మార్కెట్టుకు వెళ్ళి ఏరికోరి తెచ్చిన కార్నేషన్లు రెండు రోజులు తిరక్కుండానే రేకలు లోపలికి ముడుచుకుని నిద్రమొహాలు వేసేవి. నీళ్ళు మార్చింది, బకెట్లు మార్చింది, పూలు పంపే తోటనే మార్చింది. మార్చడానికి వీల్లేనివి చేతులే కాబట్టి వాటికి రబ్బరు తొడుగులు వేసింది. కొన్నవాళ్ళు మొహమాటపడుతూ "సాయంత్రానికే వాడిపోయాయమ్మా" అంటే ఆవిడకు తల కొట్టేసినట్టుండేది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే కొట్టు ఎత్తేసి ఇంట్లో కూర్చుంటానని మొగుడితో చెప్పేసింది కూడా.

మొగుడిది పక్క కొట్టే, పళ్ళ వ్యాపారం. మధ్యలో ఒక్క గోడ, వెనకాల ఇద్దరికీ కలిపి ఒకటే కోల్డ్ రూము. అందులో ఎడమవైపు ఆయన అరటి గెలలు, ఆపిల్ పెట్టెలు. కుడివైపు ఈవిడ బకెట్లు. మనిషి మంచివాడే. బేరాలు లేనప్పుడల్లా గోడ అవతలి నుంచి ఏదో ఒకటి వాగుతూనే ఉంటాడు, ఈవిడ విసుక్కుంటూనే వింటుంది. కొట్టు ఎత్తేస్తానన్న రోజున మాత్రం ఆయన సర్దిన ఆపిల్ పెట్టెలనే మళ్ళీ మళ్ళీ సర్దుతూ ఉండిపోయాడు. పాపం, తన కోసం బాధపడుతున్నాడనుకుంది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు ఊడిపడ్డాడు. మొక్కల జన్యువుల మీద పరిశోధన చేస్తాడు. ల్యాబు నాలుగు వీధుల అవతలే, అయినా అక్క గుమ్మం తొక్కాలంటే ఏదో పని పడాలి దొరగారికి. ఈసారి పని రెండు బకెట్ల కార్నేషన్లు. మామూలు దుకాణంలో, ఆ కోల్డ్ రూములోనే, మామూలు సరుకు మధ్య వాటిని వారం పాటు ఉంచి చూడాలట. ఒక బకెట్లోవి మామూలు పూలు. రెండో దాంట్లోవి చెవిటివట.

పూలకు చెవుడేమిట్రా అని అక్క నవ్వింది. వాడు తాపీగా చెప్పుకొచ్చాడు. మొక్కలు ఇథిలీన్ అనే వాయువును తయారుచేస్తాయి, వాటికి అదొక హార్మోను. అది సోకితే కాయ పండుతుంది, అనాసకు పూత వస్తుంది, కార్నేషన్ వాడిపోతుంది. కబురు ఒకటే, విన్నవాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. ఆ కబురు వినడానికి మొక్కలో కొన్ని జన్యువులున్నాయి. వాటిలో ఒకటి మారిపోయిందా, ఎంత వాయువు సోకినా మొక్క ఉలకదు పలకదు. అలాంటి టమాటా ఎర్రబడదు, అలాంటి పువ్వు ఓ పట్టాన వాడదు. అక్కకు సగం అర్థమైంది, మిగతా సగానికి తల ఊపింది. వాడి ఉద్యోగం ఖాయం కావడం ఈ పూల మీదే ఆధారపడి ఉందని విన్నాక మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నీ పూలు నేను ముట్టుకోనురా. నీళ్ళు కూడా నువ్వే వచ్చి పోసుకో" అంది.

అన్నట్టే వాటి ఛాయలకు పోలేదు. తన బకెట్లు తీసుకునేటప్పుడు కూడా గోడకు అతుక్కుని నడిచింది.

వారం తిరిగాక తమ్ముడు గది తలుపు తీశాడు. చెవిటి పూలు నిన్న కోసినట్టున్నాయి. మామూలువి మొత్తం ముడుచుకుపోయాయి. వాడు ఎగిరి గంతేశాడు, తను అనుకున్నట్టే జరిగిందని. అక్క మాత్రం ఆపిల్ పెట్టె మీద కూలబడింది.

"వీటిని నేను ముట్టుకోలేదురా" అంది. "మరెందుకు వాడాయి?"

వాడు ఎడమవైపు చూపించాడు. పండే పళ్ళ నుంచి ఆ వాయువు వస్తూనే ఉంటుంది, తలుపేసిన గదిలో ఇక చెప్పేదేముంది. అందుకే ఈ గదిని ఎంచుకున్నాడట. "బావ చెప్పలేదా? పచ్చికాయల్లో పండు పడేసి మాగబెట్టే మనిషికి తెలియదూ?" అన్నాడు మామూలుగా.

బావ గెల ఎత్తుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"మీకు తెలుసా?" అంది ఆవిడ.

ఆయన గెల కిందికి దించాడు. "మొదట్లో తెలీదు. తర్వాత అనుమానం వచ్చింది. చెబితే ఇంకో వీధిలో కొట్టు పెట్టుకుంటావని భయమేసింది. గోడ అవతల నువ్వు లేకపోతే నాకు పొద్దు పోదు."

"నా చెయ్యి మంచిది కాదని నేను ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నారు" అంది. అరవలేదు. చెడామడా తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవాడు.

పంతం పట్టి ఆవిడ కొట్టు అక్కడే ఉంచుకుంది. వీధి మారింది పళ్ళే. ఇప్పుడు పూలు రోజుల తరబడి నిలుస్తున్నాయి, ఆవిడ ఉత్త చేతులతో గుత్తులు కడుతోంది, చెయ్యి చలవ అంటున్నారు జనం. ఆయన మధ్యాహ్నం కాగానే కొట్టు మూసి రెండు వీధులు దాటి వస్తాడు, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని మరీ. గుమ్మం బయట నిలబడే ఆ రోజు కబుర్లన్నీ చెబుతాడు. ఆవిడ వింటుంది గాని పలకదు.

నిన్న మాత్రం, ఆయన చెబుతూ చెబుతూ కాలు మార్చి నిలబడితే, తలెత్తకుండానే ఒక స్టూలు బయటికి తోసింది.