హీబ్రూ క్యాలెండర్‌కి తారాబలం

జెర్సీ సిటీలో ఆకాశాన్ని గీరుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో కాపురముండే హరనాథ్ వారమంతా మన్‌హట్టన్ వెళ్ళి ఒక బ్యాంకు కోసం కోడ్ రాసేవాడు. శని, ఆదివారాలు తన సరదా కోసం రాసుకునేవాడు. "కోడు బ్యాంకుకి, కూడు మనకి" అని తనే అనుకుని తనే నవ్వేవాడు. భార్య మీనాక్షి ఆయన జోకులకి నవ్వడం పెళ్ళైన కొత్తలోనే మానేసింది.

ఆయన సరదాగా చేసిన మొదటి వస్తువు తెలుగు పంచాంగం యాడ్-ఆన్. అంటే బ్రౌజర్‌లో ఓ మూల కూర్చుని ఆ రోజు తిథి, నక్షత్రం, రాహుకాలం చూపించే బుల్లి ప్రోగ్రాం. మొగుడూ పెళ్ళాలు కాక దాన్ని వాడిన ఏకైక ప్రాణి ట్రాయ్ అనే ఊళ్ళో ఉండే బావమరిది జగన్మోహన్. "యాడుంది బావా నీ యాడ్-ఆన్? యాడ నొక్కినా ఆన్ కాదే!" అని ఫోన్ చేసి, ఆ సాయంత్రమే తీసిపారేశాడు.

పంచాంగాన్ని మెచ్చుకున్నది ఎదురు ఫ్లాట్ రోజెన్‌గారు ఒక్కరే. రిటైరైన స్కూల్ టీచరు, ఎనభైకి దగ్గర్లో ఉన్న యూదు ముసలావిడ. హరనాథ్ అని పిలవడానికి నోరు తిరగక "హరీ" అని పిలిచి, ఆ శివభక్తుణ్ణి ఒక్క దెబ్బతో వైష్ణవుణ్ణి చేసేసింది. ఒకరోజు కింద లాండ్రీ గదిలో బట్టలు తిరుగుతుండగా ఆయన లాప్‌టాప్‌లోకి తొంగి చూసింది.

"మీకూ చంద్రుడి లెక్కేనా? అప్పుడప్పుడు ఏడాదికి పదమూడు నెలలొస్తాయా?"

"వస్తాయండీ. అధికమాసం అంటాం. జీతగాళ్ళకైతే అధికమోసం!"

చివరి ముక్క ఆయన తెలుగులోనే అన్నాడు. ఆవిడ మర్యాదకి నవ్వింది. ఆ నవ్వుకి హరనాథ్ ఫ్లాటైపోయాడు.

"అయితే మా హీబ్రూ క్యాలెండర్ కూడా ఒకటి చేసిపెట్టు హరీ. మా ఆయన సాల్ పోయిన తేదీకి ఏటా దీపం పెట్టాలి. ఇంగ్లీషు తేదీకి కాదు, మా తేదీకి. కిస్లేవ్ నెల పదకొండు. ఇలాంటివన్నీ సాలే చూసుకునేవాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి ఏడే నేను లెక్క తప్పాను, దీపం పెట్టలేదు. ఈసారి తప్పకూడదు."

ఆబ్దికం తిథి తప్పడమంటే ఏమిటో హరనాథ్‌కి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పూటే పని మొదలుపెట్టాడు. పంచాంగం కోడ్‌నే కాపీ కొట్టి, చైత్ర వైశాఖాలు పీకేసి వాళ్ళ నెలలు నాటాడు. "కాఫీ బ్రూ చేసుకుంటూ రాశాను కనక ఇది హీ-బ్రూ" అన్నాడు. మీనాక్షి కాఫీ కప్పు లాక్కుని పోయింది.

ఈ యాడ్-ఆన్ మాత్రం జనంలోకి దూసుకుపోయింది. వాడినవాళ్ళు అభిప్రాయాలు రాసి నక్షత్రాలు వేస్తున్నారు. హరనాథ్ రోజూ ఆఫీసునుంచి వచ్చి బూట్లు విప్పకుండానే తారాబలం చూసుకునేవాడు.

"పొద్దున్నే చూస్తాను. ఒక్కసారీ తప్పలేదు" అని ఒకాయన ఐదు నక్షత్రాలు కురిపించాడు. "ఇది రాసినవాడు నిద్రపోతున్నాడా?" అని ఇంకొకాయన ఒక్కటి విసిరాడు. మరొకావిడ రాసింది: "రాహుకాలం అని ఎర్రగా ఏదో వస్తోంది. మా గుడి రబ్బీని అడిగితే ఆయనకీ తెలియదన్నాడు. కానీ ఆ టైములో బయల్దేరడం మానేశాక నాకు ట్రాఫిక్ బాధ తప్పింది. ఐదు నక్షత్రాలు!"

"అయ్యో, రాహుకాలం తీయడం మర్చిపోయాను!" అని నాలుక కరుచుకున్నాడు హరనాథ్.

"మరి తీసెయ్యండి" అంది మీనాక్షి.

"ఐదు నక్షత్రాలు రాలుస్తుంటే రాహువుని తీసేస్తానా? అసలే గ్రహబలం అంతంతమాత్రం."

నవంబరు వచ్చింది. ఒక బుధవారం సాయంత్రం, చీకటి పడ్డాక ఇల్లు చేరి చూస్తే మళ్ళీ ఒంటి నక్షత్రం. ఆ మనిషి బగ్గు ఉందన్నాడు. హరనాథ్ బగ్గున మండాడు.

"విన్నావా మీనాక్షీ? 'ఎప్పుడు చూసినా నిన్నటి తేదీయే' అట! పొద్దున ట్రైనెక్కే ముందు చూశాను, వాళ్ళ క్యాలెండర్‌తో టంచనుగా సరిపోయింది. ఎవడో గిట్టనివాడు మనుషుల్ని పెట్టి రాయిస్తున్నాడు."

"మీరెప్పుడూ పొద్దున్నే చూస్తారు. తిట్టేవాళ్ళు ఎప్పుడు చూస్తున్నారో కనుక్కున్నారా?"

హరనాథ్ ఒక్కొక్క అభిప్రాయం కింద ఉన్న టైము చూశాడు. మెచ్చుకోళ్ళన్నీ పగలు, తిట్లన్నీ సాయంత్రం దాటాక.

"ఇదేమిటే! వాళ్ళకి చీకటి పడితే మతి పోతుందా?"

"మతి సంగతి తర్వాత. మీ దాంట్లో తేదీ ఎప్పుడు మారుతుంది?"

"ఎప్పుడేమిటి, సూర్యోదయానికి. ఉదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు తిథి అదేగా!"

"అది మన లెక్కండీ మహానుభావా! రోజెన్‌గారు శుక్రవారం పొద్దుగూకుతుంటే కొవ్వొత్తులు పెట్టి, శనివారం వచ్చేసిందంటారు. చూడలేదూ? వాళ్ళకి సాయంత్రంతోనే రోజు మొదలు."

హరనాథ్ నెత్తి కొట్టుకున్నాడు. అస్తమయానికి మారవలసిన తేదీని తను తెల్లవారే దాకా ముసుగు కప్పి పడుకోబెట్టాడు. తెర మూల చూశాడు. కిస్లేవ్ పది అని ఉంది.

"అంటే నిజానికి పదకొండు! మీనాక్షీ, దీపం ఇవాళే!"

ఒక బూటుతో ఎదురింటికి పరిగెత్తాడు. రోజెన్‌గారు తలుపు తీసింది. వెనక బల్లమీద కంప్యూటరు, దాని పక్కన గాజు గ్లాసులో తెల్లటి కొవ్వొత్తి, అగ్గిపెట్టె. ఇంకా వెలిగించలేదు.

"ఇంకా పదే చూపిస్తోంది హరీ. ఇవాళేమో అనిపించింది కానీ, నా లెక్క మీద నాకు నమ్మకం లేదు. రేపు సాయంత్రం పదకొండు రాగానే వెలిగిస్తాను."

"రేపు సాయంత్రానికి పన్నెండు అయిపోతుందండీ. మీ లెక్కే కరెక్టు, తప్పు నాది. మాకు రోజు పొద్దున్నే లేస్తుంది. మీ రోజుని కూడా అలాగే లేపాను. సారీ."

ఆవిడ బల్ల దగ్గరికి నడిచింది. అగ్గిపుల్ల గీసింది. ఒత్తి అంటుకుంది.

"సాల్ జన్మలో దేనికీ టైముకి రాలేదు" అంది ఆవిడ. "మా పెళ్ళికే ఆలస్యంగా వచ్చాడు. ఒక రోజు లేటుగా పెట్టినా ఏమీ అనుకునేవాడు కాదు. నేను అనుకునేదాన్ని."

"రేపు ఆఫీసునుంచి రాగానే సరిచేసేస్తానండీ."

"రేపా? ఊళ్ళో పోయిన మొగుడు మా సాల్ ఒక్కడేనా? తెర మూల నీ తేదీ చూసుకుంటూ అగ్గిపెట్టె పట్టుకుని ఇంకెంతమంది కూర్చున్నారో! పట్రా లాప్‌టాప్."

లాప్‌టాప్‌తోపాటు మీనాక్షి కూడా వచ్చింది, రెండో బూటు పట్టుకుని. దీపం వెలుగులో హరనాథ్ ఉదయం ఉన్నచోటల్లా అస్తమయం పెడుతుంటే, రోజెన్‌గారు భుజం మీదుగా చూస్తూ కామాలు సరిచేసింది. అప్‌డేట్ వెళ్ళింది. ముగ్గురూ ఊపిరి పీల్చుకునేలోపే కొత్త అభిప్రాయం ఊడిపడింది. ఒక్క నక్షత్రం.

"ఇన్నాళ్ళూ సాయంత్రం పూట ఒక రోజు కలుపుకుని సుఖంగా బతుకుతున్నాను. చెప్పాపెట్టకుండా బాగుచేయడానికి నువ్వెవరు? ఇప్పుడు నేను ఒక రోజు ముందుకెళ్ళిపోయాను."

హరనాథ్ కుర్చీలో కూలబడ్డాడు. రోజెన్‌గారు కళ్ళజోడు పెట్టుకుని లాప్‌టాప్ తన వైపు లాక్కుంది.

"జరుగు హరీ. నా సర్వీసంతా ఇలాంటి పిల్లకాయలకే పాఠాలు చెప్పాను" అని, ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ జవాబు కొట్టడం మొదలుపెట్టింది.