పేరు రాయని పిల్ల

ఉద్యోగాల నుంచి దిగిపోయాక ఆ ముగ్గురు పాత స్నేహితురాళ్లూ ప్రతి గురువారం మధ్యాహ్నం లైబ్రరీ వెనకగదిలో కలిసేవాళ్లు. టీచరమ్మ ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పిన గొంతుతో పుస్తకం చదివేది. బస్సులో నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న కండక్టరక్క ఎదుటి కుర్చీ మీదికి కాళ్లు బారజాపి వినేది. పిల్లల వార్డులో హెడ్ నర్సుగా రిటైరైన సిస్టరమ్మ వింటూ స్వెట్టరు అల్లేది. చదివేవన్నీ గొప్ప ఆడవాళ్ల జీవితకథలే.

"మన గురించి ఎలాగూ ఎవరూ రాయరు, ఎవరి గురించి రాశారో వాళ్లవైనా విందాం" అనేది కండక్టరక్క.

ఆ వారం ఒక డాక్టరమ్మ కథ. ఊళ్లో కలరా వస్తే ఆవిడ మూడు వారాలు ఆస్పత్రి గడప దాటలేదట. టీచరమ్మ గొంతు పెంచి చదివింది: "ఆ ఏడే ఆమె కూతురు జ్వరంతో కన్నుమూసింది. అయినా ఆమె తన సేవ ఆపలేదు."

"అబ్బ, ఎంత గుండె దిటవో చూడు!" అంది కండక్టరక్క.

సిస్టరమ్మ చేతిలో అల్లిక ఆగింది. "ఆ పిల్ల పేరేంటి?"

టీచరమ్మ ముందు పేజీలూ వెనక పేజీలూ తిప్పి చూసింది. "రాయలేదే."

"ఎన్నేళ్లది?"

"అదీ లేదు."

సిస్టరమ్మ అల్లిక సంచిలో కుక్కుకుని, పనుందంటూ వెళ్లిపోయింది. తర్వాత రెండు గురువారాలు రాలేదు. ఫోనెత్తలేదు. మూడోవారం మిగతా ఇద్దరూ బస్సెక్కి ఆవిడ ఇంటికే వెళ్లారు.

ఇంట్లో ఒక్కతే ఉంది. వంటింటి బల్ల ముందు కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది.

"మా మీద కోపమేంటో చెప్పు, పడతాం" అంది కండక్టరక్క.

"మీ మీద కోపమెందుకక్కా" అంది సిస్టరమ్మ, తలెత్తకుండా. "నాకూ ఒక కూతురుండేది. మావాడికంటే ముందు. నాలుగేళ్ల పిల్ల. ఆ పొద్దున ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటే మందేసి, మా అత్తగారికి అప్పజెప్పి డ్యూటీకెళ్లాను. రెండింటికి దిగాలి. నా తర్వాత రావాల్సిన నర్సు రాలేదు. వార్డులో పదకొండుమంది పిల్లలు, అందరికీ సెలైన్లే. జ్వరం పెరిగిందని ఇంటి నుంచి ఫోనొచ్చింది. గంటలో వస్తానన్నాను. నాలుగు గంటలు పట్టింది."

కండక్టరక్క కాళ్ల నొప్పులు మరిచి అలాగే నిలబడిపోయింది.

"ఆ పదకొండుమందీ బతికారు. మా అత్తగారు నన్ను పల్లెత్తు మాటనలేదు. నోరారా తిట్టినా బాగుండేది."

"దేవుడు..." అని మొదలెట్టింది కండక్టరక్క. ఏ మాటలోకైనా దేవుణ్ణి లాక్కొచ్చే మనిషి ఆవిడ.

"రోజూ దణ్ణం పెట్టుకుంటానక్కా. ఏమీ అడగను. అడిగే మొహం లేదు."

టీచరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఏమని పిలిచేవాళ్లు?"

ఇరవయ్యేళ్ల స్నేహంలో సిస్టరమ్మ గొంతు అంత సన్నబడటం వాళ్లెప్పుడూ వినలేదు. "పిచ్చుక. ఒట్టి వాగుడుకాయ, అందుకని."

ఇక ఆగలేదు. మీగడ కనిపిస్తే పాలగ్లాసు తోసేసేదట. కుడి చెప్పు ఎడమకాలికి వేసుకుని పరిగెత్తేదట. అమ్మ డ్యూటీ టోపీ పెట్టుకుని తాతకి సూదిమందు వేసేదట. ఆయన కుయ్యోమొర్రోమని ఏడవాలట, లేకపోతే మళ్లీ వేసేదట. చెబుతూ సిస్టరమ్మ నవ్వింది కూడా.

అప్పుడే కొడుకు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో ఆగాడు.

"రారా, ఇలా కూర్చో" అంది సిస్టరమ్మ. "ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు. నీకో అక్క ఉండేది."

"తెలుసమ్మా."

ఆవిడ చేతిలో బీన్స్ పక్కన పెట్టి కొడుకు వైపు తిరిగింది.

"నాన్న పోయే ముందు చెప్పారు. నువ్వంతట నువ్వే చెప్పేదాకా అడగొద్దన్నారు."

"మీ నాన్న పోయి పన్నెండేళ్లయిందిరా!"

"అవును."

"పన్నెండేళ్లు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు. ఒక్కసారి అడగొచ్చు కదరా!"

"నువ్వు ఏడుస్తావని..."

"ఏడిస్తే ఏమయ్యేదిరా? ఏడ్చేదాన్ని" అంటూనే సిస్టరమ్మ బల్ల మీద తల వాల్చేసింది. అంత పెద్దమనిషీ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, కొడుకు ఏం చెయ్యాలో పాలుపోక ఆవిడ వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

టీచరమ్మ కళ్లతో సైగ చేసింది. ఇద్దరూ చప్పుడు కాకుండా చెప్పులేసుకుని బయటికొచ్చారు. బస్టాపు దాకా కండక్టరక్క నోటివెంట దేవుడి మాట రాలేదు.